చలి మొదలయ్యాక విత్తినవి ఎందుకు ఎదగవు? కుండీలో నిమ్మ ఆకులెందుకు రాలుస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వేసవిలో టమాట, బెండ బాగా కాశాయి. అవి అయిపోయాక, చలి మొదలైన తర్వాత అదే కుండీల్లో పాలకూర, క్యారెట్, క్యాబేజీ విత్తారు. మొలిచాయి గానీ నెలన్నర దాటినా బెత్తెడు ఎత్తు కూడా లేవు. రోజూ నీళ్లు పోస్తున్నారు, రెండుసార్లు ఎరువు కూడా వేశారు. ఈలోగా కుండీలోని నిమ్మ పచ్చి ఆకుల్నే రాలుస్తోంది. తప్పెక్కడ, అసలు చలికాలంలో ఏం వేసుకోవచ్చు అన్నది ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే విత్తడం ఆలస్యమైంది, నీళ్లు ఎక్కువయ్యాయి. విత్తనాన్నీ మట్టినీ అనుమానించకండి, మొలిచాయంటే రెండూ పనికొచ్చేవే. పాలకూర, క్యారెట్ మొలకల్ని పీకేయొద్దు. ఎరువు ఆపేసి, నీళ్లు బాగా తగ్గించి అలాగే ఉంచండి. పగటి పొద్దు పెరిగేకొద్దీ అవే లేస్తాయి. నిమ్మది రోగం కాదు, వేళ్లకు తగిలిన చలి. దాని సంగతి కింద విడిగా రాశాను.

చలికాలపు పంటలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. గట్టి చలి ఉండే చోట్ల మొక్క చలికాలంలో ఎదగదు. అప్పటికే ఎదిగి, ఆ చలిలో నిలబడి ఉంటుంది. మనం రోజూ వెళ్లి ఆకులు కోసుకుంటాం. అంటే చలికాలంలో తినేది వేసవి చివర్లోనే విత్తి ఉండాలి.

దీనికి కారణం చలి ఒక్కటే కాదు, వెలుతురు కూడా. పగలు 10 గంటల కంటే తగ్గితే ఆకుకూరలు దాదాపు కదలవు. ఇంకో పొర గుడ్డ కప్పినా, ఇంకో చెంచా ఎరువు వేసినా లాభం ఉండదు. భూమధ్యరేఖ నుంచి సుమారు 32 డిగ్రీల అక్షాంశం లోపల ఉన్నవాళ్లకు పగలు ఎప్పుడూ అంత తగ్గదు. 40 డిగ్రీల దగ్గర నవంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా తగ్గుతుంది. 50 డిగ్రీల దగ్గర అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. (దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు ఈ నెలలన్నిటికీ ఆరు కలుపుకోండి.) మీ ఊళ్లో సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలు చూసుకుంటే ఈ తేదీలు అయిదు నిమిషాల్లో తేలిపోతాయి. ఆ మొదటి తేదీ నాటికి మొక్క ముప్పాతిక వంతు ఎదిగి ఉండాలి. మీ మొక్కలు అప్పటికి రెండాకుల మీద ఉన్నాయి. ఉన్న తేడా అంతా అదే.

విత్తే తేదీ ఎలా లెక్క వేయాలి

విత్తనాల ప్యాకెట్ మీద ఎన్ని రోజుల పంటో రాసి ఉంటుంది. దానికి 14 రోజులు కలపండి. శరదృతువులో పొద్దు తగ్గుతూ వస్తుంది కాబట్టి మొక్క ప్యాకెట్ చెప్పినంత వేగంగా రాదు. ఆ మొత్తాన్ని మీ దగ్గర మొదటిసారి నీళ్లు గడ్డకట్టే రాత్రి నుంచి వెనక్కి లెక్కించండి.

ఆ రాత్రి నవంబరు 15 అనుకుందాం. పాలకూర 45 రోజులది, 14 కలిపితే 59. వెనక్కి వెళ్తే సెప్టెంబరు 17. క్యారెట్ 70 రోజులది, కలిపితే 84, అంటే ఆగస్టు 23. క్యాబేజీ దగ్గర చాలామంది తప్పుతారు. దాని ప్యాకెట్ మీది రోజులు సాధారణంగా నారు నాటినప్పటి నుంచి లెక్క. 75 రోజుల రకమైతే 75, నారుమడిలో 35, అదనంగా 14, మొత్తం 124. అంటే జూలై 14. మండే ఎండల్లో క్యాబేజీ నారు పోయాలని ఎవరికీ తోచదు, అందుకే గట్టి చలి ఉండే చోట చాలామంది కుండీల్లో క్యాబేజీ గడ్డ కనపడదు.

ఇంకో మాట. శరదృతువులో ఒక వారం ఆలస్యం కోతకొచ్చేసరికి ఒక వారంగా ఉండదు. సెప్టెంబరు మొదట్లో వారం తేడాతో విత్తిన రెండు వరుసలు కోతకు రెండు మూడు వారాల తేడా చూపిస్తాయి. ఇంకా ఆలస్యమైతే రెండో వరుస వసంతం దాకా ఆగిపోతుంది. అందుకని ఆకుకూరల్ని ఒకేసారి కాకుండా 7 నుంచి 10 రోజుల ఎడంతో మూడు నాలుగు విడతలుగా విత్తండి.

చలికాలంలో కూడా రాత్రి 10 డిగ్రీలకు దిగని చోట ఉంటే ఈ లెక్కతో పనిలేదు. మీకు అసలైన కూరగాయల కాలమే ఇది. రాత్రులు 20, 22 డిగ్రీలకు దిగగానే మొదలుపెట్టి చలికాలమంతా విడతలుగా విత్తుకోవచ్చు. రాత్రి మరీ చల్లబడకపోతే టమాట కూడా బాగా కాస్తుంది. టమాట పూత నిలవాలంటే రాత్రి 15 నుంచి 21 డిగ్రీలు ఉండాలి. 13 కిందికి పోతే పుప్పొడి పాడై పూత రాలిపోతుంది. బెండ, దోస, సొర వంటివి మాత్రం మట్టి చల్లబడే చోట ఆపేయడమే మంచిది. మట్టి 16 డిగ్రీల కంటే చల్లబడితే ఆ గింజలు మొలవకుండా మట్టిలోనే కుళ్లుతాయి.

కుండీ ఎక్కడ పెట్టారు?

వేసవిలో ఎండ బాగా తగిలిన మూల చలికాలంలో నీడలోకి పోతుంది. సూర్యుడు కిందికి దిగుతాడు కదా. 1 మీటరు పిట్టగోడ నీడ, ఏడాదిలో అతి చిన్న పగటి రోజున మిట్టమధ్యాహ్నం కూడా, 15 డిగ్రీల అక్షాంశం దగ్గర 80 సెం.మీ. ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర 1.35 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 2 మీటర్లు. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు గోడే అడ్డం. కుండీల్ని ఆ గోడ మొదట్లోంచి వెనక్కి జరపండి, లేదా ఇటుకల మీద ఎత్తుకు లేపండి. ఉత్తరం వైపు గోడను ఆనుకుని పెడితే ఇంకా మంచిది. పగలంతా ఎండ తగులుతుంది, గోడ పీల్చుకున్న వేడిని రాత్రి కొంత తిరిగి ఇస్తుంది. ఆకుకూరలకు కనీసం 4 గంటల ఎండ కావాలి. దుంపలకు, క్యాబేజీ జాతికి 6 గంటలు.

వేడిలో చలి పంట గింజ మొలిపించడం

ముందుగా విత్తమన్నాను కాబట్టి దీని ఇబ్బంది కూడా చెప్పాలి. లెట్యూస్ గింజ, స్పినాచ్ (ఇదేమిటో కింద చెప్తాను) గింజ మట్టి 30 డిగ్రీలు దాటితే సరిగా మొలవవు. విత్తనం నకిలీ అని తిట్టుకుంటాం గానీ అది నిద్రపోతోందంతే. గింజల్ని తడి గుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో అయిదారు రోజులు ఉంచండి. మొనలు కనపడగానే సాయంత్రం పూట విత్తి, పైన 50 శాతం షేడ్ నెట్ వేయండి. వారం తర్వాత నెట్ తీసేయాలి. మరిచిపోతే మొక్కలు సన్నగా సాగి పడిపోతాయి.

పాలకూర అన్న పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు, ఇది తెలుసుకోవాలి. ఒకటి నిజానికి బీట్‌రూట్ జాతి ఆకుకూర. దాని గింజ గరుకుగా, బెరడు ముద్దలా ఉంటుంది. వేడిని బాగా ఓర్చుకుంటుంది, ఎన్ని కోతలైనా ఇస్తుంది. రెండోది స్పినాచ్. గింజ దాదాపు గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. వేడికి త్వరగా పూతకు వస్తుంది, కానీ బాగా ఎదిగిన మొక్క సున్నా కంటే కిందికి పోయినా తట్టుకుంటుంది. గడ్డకట్టే చలి ఉన్నచోట మీకు కావలసింది రెండోది.

ఏవి వేయొచ్చు, ఎక్కడ తేడా వస్తుంది

మెంతి, ముల్లంగి సులువు. మెంతి మూడు నాలుగు రోజుల్లో మొలిచి నెలలోపు కోతకొస్తుంది. ముల్లంగి 25 నుంచి 40 రోజులు. ఆకు గుబురుగా వచ్చి దుంప ఊరకపోతే మొక్కలు ఒత్తుగా ఉన్నాయనో, నత్రజని ఎక్కువైందనో అర్థం. కొత్తిమీర ధనియాన్ని రెండు బద్దలు చేసి విత్తండి, రెండు వారాలు ఓపిక పట్టండి.

క్యారెట్‌కు 30 సెం.మీ. లోతున్న కుండీ, జల్లించిన మట్టి, బాగా మాగిన కంపోస్ట్ కావాలి. పచ్చి పశువుల ఎరువు, రాళ్లు తగిలితే దుంప రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. నారు పోసి నాటినా అంతే, నేరుగా విత్తాల్సిందే. గింజ మీద అర సెం.మీ. మట్టి చాలు. మొలిచేదాకా, అంటే వారం నుంచి రెండు వారాలు, పై పొర ఒక్క పూట కూడా ఎండకూడదు. తడి గోనె కప్పి ఉంచి, మొదటి మొలక కనపడిన రోజే తీసేయండి. తర్వాత చేతికి కష్టంగా అనిపించినా పలచన చేయాల్సిందే, మొక్కకూ మొక్కకూ 5 సెం.మీ. ఎడం ఉండాలి. బీట్‌రూట్‌లో ప్రతి 'గింజా' నిజానికి కొన్ని గింజల గుత్తి కాబట్టి ఒకేచోట రెండు మూడు మొలకలు వస్తాయి. ఒకటే ఉంచండి.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీలకు మొక్కకు ఒక కుండీ, 15 నుంచి 20 లీటర్లది. అంతకంటే చిన్నదాంట్లో ఆకులు వస్తాయి, గడ్డ రాదు. కాలీఫ్లవర్ వీటిలో గడుసుది. నారు 4 నుంచి 5 వారాల వయసులో నాటేయాలి. ట్రేలో వేళ్లు చుట్టుకుపోయిన ముదురు నారు నాటినా, ఎదిగే వయసులో నీళ్లకు గానీ నత్రజనికి గానీ కరువొచ్చినా, గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది. ఒకసారి అలా పూసిందంటే ఏం చేసినా పెరగదు, తీసి వండుకోవడమే. పువ్వు 5, 6 సెం.మీ. అయ్యాక పై ఆకుల్ని దగ్గరికి లాగి దారంతో వదులుగా కట్టండి, తెల్లగా ఉంటుంది. ఆకు అడుగున సన్నని పచ్చ పురుగులు, చిల్లులు కనిపిస్తే బీటీ (పురుగుల్ని చంపే బ్యాక్టీరియాతో చేసిన) మందు సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. పురుగు పెద్దదయ్యాక అది అంతగా పనిచేయదు.

కేల్, క్యాబేజీ వంటివి గట్టి చలి తగిలాక తియ్యబడతాయి. మొక్క తనలో ఉన్న పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, చక్కెర కలిసిన రసం త్వరగా గడ్డకట్టదు. తీపి మనకు దొరికే లాభం.

బఠాణీ గింజను 4 సెం.మీ. లోతున, 5 సెం.మీ. ఎడంతో విత్తండి. మొక్క చిన్న చలిని ఓర్చుకుంటుంది గానీ పువ్వు, లేత కాయ ఓర్చుకోవు. కాబట్టి పూత సమయం గడ్డకట్టే రోజుల్లో పడకుండా చూసుకోవాలి.

వెల్లుల్లి, ఉల్లి గురించి ఒక హెచ్చరిక. వెల్లుల్లి రెబ్బను మొన పైకి ఉండేలా 5 సెం.మీ. లోతున, 10 నుంచి 15 సెం.మీ. ఎడంతో శరదృతువులో నాటాలి. దానికి కొన్ని వారాల పాటు 10 డిగ్రీల కంటే తక్కువ చలి తగలకపోతే గడ్డ రెబ్బలుగా విడిపోకుండా ఒకే ఉండలా ఊరుతుంది. వెచ్చని చోట ఉన్నవాళ్లు రెబ్బల్ని నాటేముందు ఆరేడు వారాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఉల్లికి రకం ఎంపికే ప్రాణం. చిన్న పగటి రకాలు పగలు 10 నుంచి 12 గంటలు ఉన్నప్పుడు గడ్డ కడతాయి, పెద్ద పగటి రకాలకు 14 గంటలు కావాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట పెద్ద పగటి రకం వేస్తే ఎంత కాలం చూసినా ఉల్లికాడలే వస్తాయి. ఇంకొకటి, పెన్సిల్ కంటే లావైన ఉల్లి నారుకు దీర్ఘంగా చలి తగిలితే గడ్డ బదులు పూకాడ వేస్తుంది. లావు నారు మంచిదనుకుని ఏరి నాటకండి.

నీళ్లు: ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే

ఎదగని మొక్క నీళ్లు తాగదు. మీరు రోజూ పోసిన నీరు కుండీలో అలాగే నిలిచి, వేళ్లకు గాలి అందకుండా చేసింది. మట్టి పైన పచ్చని పాకుడు, చిన్న నల్లని దోమల్లాంటి ఈగలు ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయని వేరే సాక్ష్యం అక్కర్లేదు. వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, లోపల పొడిగా తగిలితేనే పోయండి. కుండీని కొంచెం ఎత్తి బరువు చూడటం అంతకంటే నమ్మకం. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, ఎండాక ఒకసారి ఎత్తి చూస్తే చేతికి అలవాటవుతుంది. పోసేటప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేదాకా, ఉదయం పూట పోయాలి. కింద పళ్లెంలో నిలిచినది పారబోయండి. సాయంత్రం ఆకులు తడిపితే రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లు పడతాయి. నారుమడిలో మొలకలు మొదట్లో నల్లబడి వాలిపోయే నారుకుళ్లు కూడా ఈ తడి వల్లే.

మట్టి మిశ్రమంలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మూడో వంతు దాటనివ్వకండి. వేసవిలో మేలు చేసిన ఆ తేమే చలిలో కీడు చేస్తుంది. పదో వంతు ముతక ఇసుక గానీ పెర్లైట్ (తేలికైన తెల్లని గుళికలు) గానీ కలపండి.

ఎరువు సంగతి. కంపోస్ట్‌లోని నత్రజనిని మొక్కకు అందేలా మార్చేది మట్టిలోని సూక్ష్మజీవులు. చల్లని మట్టిలో అవి మందగిస్తాయి. కాబట్టి కుండీలో ఎంత కంపోస్ట్ ఉన్నా ఆకులు పాలిపోతాయి. మొక్క ఎదుగుతూ ఉండి పాలిపోతే, ద్రవ ఎరువును డబ్బా మీద రాసినదాంట్లో సగం బలంతో రెండు వారాలకోసారి ఇవ్వండి. ఎదుగుదల ఆగి ఉంటే ఏమీ ఇవ్వకండి, లవణాలు పేరుకుని వేళ్లు మాడతాయి. ఆకులు ఊదారంగుకు తిరిగితే భాస్వరం అందట్లేదని అర్థం, కానీ చాలాసార్లు భాస్వరం మట్టిలో ఉండీ చలికి వేళ్లు తీసుకోలేకపోవడమే కారణం. ఎండలు వచ్చాక అదే సర్దుకుంటుంది.

పేనుబంక చలిలో కూడా వస్తుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 నుంచి 2 మి.లీ. ద్రవ సబ్బు. చలికి వేపనూనె గడ్డకడుతుంది కాబట్టి గోరువెచ్చని నీటిలో ముందు సబ్బు, తర్వాత నూనె కలిపి వెంటనే కొట్టేయాలి. కలిపి దాచుకుంటే నూనె విడిపోయి తేలుతుంది, ఆకులు మాడతాయి.

గడ్డకట్టే రాత్రులు

వాతావరణ సమాచారంలో 2, 3 డిగ్రీలు అని ఉన్నా మీ మొక్క మీద నీళ్లు గడ్డకట్టొచ్చు. వాళ్ల కొలత నేలకు మనిషెత్తుకు కాస్త తక్కువలో తీసింది. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల దగ్గర అంతకంటే చల్లగా ఉంటుంది. అలాంటి రాత్రి వస్తుందనుకుంటే ఆ రోజు ఉదయమే మట్టి తడపండి. తడి మట్టి పొడి మట్టి కంటే ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. (నీళ్లు తగ్గించమన్న మాటకు ఇది ఒక్కటే మినహాయింపు.)

చదరపు మీటరుకు 17 గ్రాముల బరువున్న తెల్లని నాన్‌వోవెన్ (నేత లేని) గుడ్డ ఒకటి రెండు డిగ్రీలు కాపాడుతుంది. 30 గ్రాములది ఇంకొంచెం ఎక్కువ. పొద్దు దిగకముందే, నేల వేడి గుడ్డ లోపలే ఉండేటట్టు, అంచులు నేలకు ఆనేలా కప్పాలి. ప్లాస్టిక్ పట్టా ఆకుకు తగిలితే ఆ తగిలినచోటే ఆకు మాడుతుంది, కింద కమ్మీలు వంచి పెట్టండి. అద్దం లేదా ప్లాస్టిక్ పెట్టెలో పెంచేవాళ్లు ఎండ రాగానే మూత కొంచెం ఎత్తాలి. బయట చలిగా ఉన్నా లోపల తొందరగా వేడెక్కుతుంది. చలికంటే మూత తీయడం మరిచి ఉడికిపోయిన మొక్కలే ఎక్కువ.

గడ్డకట్టిన ఆకుల్ని ముట్టుకోకండి, కోయకండి. మధ్యాహ్నానికి కరిగి మామూలయ్యాక కోయండి.

నిమ్మ, స్ట్రాబెర్రీ, అంజూర

మీ నిమ్మ పచ్చి ఆకులు ఎందుకు రాలుస్తోందంటే, మట్టి 13 డిగ్రీల కంటే చల్లబడితే నిమ్మజాతి వేళ్లు దాదాపు పనిచేయడం మానేస్తాయి. పైన ఎండ తగిలి ఆకులు వేడెక్కి నీళ్లు అడుగుతాయి, కింది నుంచి అందవు. అప్పుడు చెట్టు ఆకుల్ని వదిలించుకుంటుంది. ఎండిందనుకుని మనం ఇంకా నీళ్లు పోస్తాం, ఉన్న వేళ్లు కుళ్లుతాయి. ఇంటి లోపల కిటికీ దగ్గర, చల్లని గచ్చు మీద పెట్టినప్పుడు ఇది ఎక్కువ. కుండీని చెక్క ముక్కల మీదికి లేపండి, చుట్టూ గోనె గానీ థర్మాకోల్ గానీ కట్టండి, గది ఉష్ణోగ్రత నీళ్లే పోయండి. మండే ఎండ పడే కిటికీ అయితే పలచని తెర వేయండి. కొమ్మ గీరి చూస్తే లోపల పచ్చగా ఉన్నంతవరకు భయం లేదు, వసంతంలో చిగురిస్తుంది. ఈలోగా కత్తిరించకండి, ఎరువు పెట్టకండి. వచ్చే లేత చిగురే చలికి ముందు పోయేది. బయట ఉంచేవాళ్లకు హద్దు, నిమ్మకు సున్నాకు రెండు డిగ్రీల కింద దెబ్బ తగలడం మొదలవుతుంది. హీటర్ ఉన్న గదిలో గాలి పొడిగా ఉండి ఎర్రనల్లి పడుతుంది, వారానికోసారి ఆకుల అడుగు తడి గుడ్డతో తుడవండి.

స్ట్రాబెర్రీని శరదృతువులో నాటాలి. ఆకులన్నీ పుట్టే మధ్య భాగం మట్టికి సరిగ్గా సమానంగా ఉండాలి. లోపలికి పోతే కుళ్లుతుంది, పైకి తేలితే వేళ్లు ఎండుతాయి. ఎడం 25 నుంచి 30 సెం.మీ. నాటిన మూడు వారాల లోపు వచ్చే పూత తుంచేయండి. కాయలు మట్టికి తగలకుండా కింద ఎండుగడ్డి పరవండి.

అంజూర చలికి ఆకులు రాల్చి నిద్రపోతుంది. నిద్రలో దానికి వెలుతురు అక్కర్లేదు. గట్టి చలి ఉన్నచోట కుండీని సున్నా నుంచి 7 డిగ్రీల మధ్య ఉండే చీకటి కొట్లో పెట్టి నెలకోసారి కొద్దిగా తడిపితే చాలు. కుండీలో ఉన్న ఏ పండ్ల మొక్కకైనా కొమ్మల కంటే వేళ్లు నాజూకు. నేలలో అయితే చుట్టూ ఉన్న మట్టి కాపాడుతుంది, కుండీలో అన్ని వైపులా చలే. అందుకే కుండీల్ని విడివిడిగా వదలకుండా గోడ పక్కన గుంపుగా చేర్చి పెట్టాలి.

ఇక ఇప్పుడు మీ దగ్గరున్న మొలకలు. పాలకూరను 8 సెం.మీ. ఎడానికి పలచన చేసి గుడ్డ కప్పండి, పగలు 10 గంటలు దాటిన రెండు మూడు వారాల్లో కోతకొస్తుంది. క్యారెట్ కూడా అలాగే వదలండి, కాకపోతే వసంతంలో ముదరకముందే, వేలంత ఉండగానే పీకేయండి, ఆలస్యం చేస్తే పూకాడ వేసి దుంప కట్టెబారుతుంది. క్యాబేజీలో రెండు మొక్కలు మాత్రం పెద్ద కుండీల్లోకి మార్చి చూడండి. మిగతావి లేత ఆకుగా కోసుకుని, ఆ కుండీలు ఖాళీ చేసుకోవడం మేలు.